ఆదెమ్మ యోబును అడిగిన మాట

మా పాలెంలో అరబ్బు దేశం చూసొచ్చిన మొదటి మనిషి ఆదెమ్మ. అద్దంకి దాటి ఒంగోలు కూడా సరిగ్గా చూడని మనిషి, కల్లాల్లో మిరపకాయలు ఏరుకునే కూలి మనిషి, ఒమాన్ దేశంలోని సలాలా దాకా వెళ్ళి యోబు సమాధి ముందు నిలబడి వచ్చిందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. బైబిల్లో ఉన్న యోబే. అక్కడివాళ్ళు ఆయూబ్ ప్రవక్త అంటారట.

ఆదెమ్మ పిల్లలు సువార్త, ప్రేమానందం ఒకే వానాకాలంలో కలరాతో పోయారు. ఏడాది తిరగకుండా భర్త అంకయ్య కూడా పోయాడు. ఓదార్చడానికి వచ్చినప్పుడు మావాళ్ళ నోటికి అడ్డూ అదుపూ ఉండదు. "ఇంకా వయసుంది, మారుమనువు చేసుకో, మళ్ళీ పుడతారు" అన్నారు. ఆమె పిల్లల పేర్లు తలుచుకోబోతే, "పోయినోళ్ళ పేర్లెత్తమాకే, మంచిది కాదు" అని నోరు మూయించారు. మూయించినవాళ్ళలో మా అమ్మ వీరమ్మే ముందు. మా పాలెం పద్ధతే అంత. పిల్లలెంతమంది అని అడిగితే బతికున్నవాళ్ళనే చెప్పాలి. ఆదెమ్మ కూడా ఎవరడిగినా "నాకు పిల్లల్లేరు" అనడం నేర్చుకుంది. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం చూడలేకపోయేవాళ్ళం.

మా పాస్టరు జయరావు అయ్యగారు మంచివాడే. కానీ ఎవరికి కష్టమొచ్చినా యోబునే పట్టుకొస్తాడు. "యోబును చూడమ్మా. పదిమంది పిల్లలు పోయినా ఓర్చుకున్నాడు. దేవుడు మళ్ళీ పదిమందినిచ్చాడు" అన్నాడు.

ఆదెమ్మ కొంగు దులుపుకుని లేచింది. "మళ్ళా పదిమందినిత్తే మొదటి పదిమందినీ మర్చిపోయాడా అయ్యగారూ?"

అయ్యగారు బైబిలు పేజీలు అటూ ఇటూ తిప్పాడు. ఆ సంగతి అందులో రాసి లేదు.

"అయితే ఆయన్నే అడగాల" అని వెళ్ళిపోయింది. కోపంలో అన్న మాటలే అనుకున్నాం.

ఖుర్షిదాది పొన్నూరు. మిరప కోతలకు మా వైపు వచ్చినప్పుడు ఆదెమ్మతో స్నేహం కలిసింది. తర్వాత సలాలాలో ఒక ఇంట్లో పనికి కుదిరి, ఎనభై నాలుగులో ఆదెమ్మను కూడా పక్కింట్లో పనికి పిలిపించుకుంది. ఆ ఇంటి పెద్దావిడ పేరు సల్మా. మొదటి రోజే "నీకు పిల్లలెంతమంది?" అని ఖుర్షిదా చేత అడిగించింది. లేరంది ఆదెమ్మ.

సల్మా ఇంట్లో సాంబ్రాణి వ్యాపారం. ఒకరోజు రాశి ముందు కూర్చోబెట్టి, రంగును బట్టి వేరుచేయమని సైగ చేసింది. ఆదెమ్మకు ఇంకేమీ చెప్పక్కర్లేదనిపించింది. ఊహ తెలిసినప్పటి నుంచీ చేస్తున్న పనే కదా. ఎర్రగా ఉన్నవి మేలురకం, తెల్లబారినవి తాలు. మిరపకాయలకు అంతే. సాయంత్రానికి ఎర్రటి పలుకులన్నీ పళ్ళెంలో ముచ్చటగా పోసి, తెల్లటివన్నీ ఊడ్చి చెత్తబుట్టలో వేసింది. వచ్చి చూసిన సల్మా గుండె మీద చెయ్యి వేసుకుని చతికిలబడింది.

ఖుర్షిదా పరుగెత్తుకొచ్చింది. "ఓసి నీ తెలివి తగలెయ్యా! ఇక్కడ తెల్లదే మేలురకమే! ఎర్రది చవక సరుకు!"

"తాలుని నెత్తిన పెట్టుకుంటారా వీళ్ళు?" అంది ఆదెమ్మ, తప్పు తనదైనా తగ్గకుండా. వంటింట్లోంచి నాలుగు ఎండుమిరపకాయలు తెచ్చి మా దేశపు లెక్క చూపించింది. సల్మా కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వి, తనూ చేతులు పైకి మడుచుకుని చెత్తబుట్ట ముందు కూర్చుంది. ఇద్దరూ కలిసి తెల్లటివి ఏరుకున్నారు. ఆ రోజు నుంచి సల్మా ఎక్కడికి వెళ్ళినా ఆదెమ్మ పక్కన ఉండాల్సిందే.

సలాలాలో వానాకాలం వస్తే ఎడారి దేశాల వాళ్ళంతా చూడటానికి వస్తారట. సల్మా తన కొడుకు కారులో ఆదెమ్మనూ ఖుర్షిదానూ ఎక్కించుకుని బయలుదేరింది. ఆ ప్రయాణం గురించి ఆదెమ్మ చెబుతుంటే మేం చేతుల్లో కాయలు మర్చిపోయేవాళ్ళం. ఎండిన లోయలో వంకర తిరిగిన సాంబ్రాణి చెట్టు, గాటు పెట్టిన చోట పాలచుక్కల్లా ఊరే జిగురు. సముద్రపు ఒడ్డున రాతి గోడలే మిగిలిన పాత రేవు. వెనకటి రోజుల్లో సాంబ్రాణి ఓడలకెక్కింది అక్కడేనని ఖుర్షిదా చెప్పగానే, జ్ఞానులు బాలయేసుకు తెచ్చిన సాంబ్రాణి కూడా ఇటే పోయిందేమోనని ఆదెమ్మ చెప్పులు విప్పేసిందట.

"సముద్రం బండ కిందకి దూరి, బొక్కలోంచి తాడిచెట్టంత పైకి లేచుద్దే! నేను స్తోత్రం స్తోత్రం అని అరిచా. తడిసి ముద్దయ్యా. మన దేవుడు అంత దూరాన కూడా ఇంత పని పెట్టుకున్నాడా అనిపించింది" అనేది.

తర్వాత కారు కొండెక్కింది. ఎడారి అన్న చోట కొండలన్నీ పొన్నూరు వరిచేలల్లా పచ్చగా ఉన్నాయి. పొగమంచులో దారి కనపడటం లేదు. పైన చిన్న తెల్లటి గది. లోపల పచ్చటి గుడ్డ కప్పిన పొడవాటి సమాధి.

"ఆయూబ్ ప్రవక్త" అంది ఖుర్షిదా మెల్లగా. "మీ యోబు."

ఆదెమ్మ సమాధి వైపు వంగి చూసింది. ఇన్నాళ్ళూ అయ్యగారి నోట్లో ఉన్న మనిషి ఇలా నేల మీద, తన కాళ్ళ దగ్గర పడుకుని ఉన్నాడు. ముసుగు సర్దుకుని మోకరించింది. అచ్చ తెలుగులోనే అడిగింది.

"అయ్యా, అద్దంకి కాడ నుంచొచ్చా. నీకు మళ్ళీ పుట్టారు కదా, మొదటోళ్ళని మర్చిపోయావా?"

ఏమడిగిందని సల్మా ఖుర్షిదా వైపు చూసింది. ఖుర్షిదా అప్పుడు దాచకుండా అంతా చెప్పింది, పోయిన పిల్లలతో సహా.

సల్మా ఆదెమ్మ పక్కన కూర్చుని వేళ్ళు ముడవడం మొదలుపెట్టింది. సయీద్. మర్యం. జుమా. ఆ ముగ్గురూ ఎవరో ఖుర్షిదాకు కూడా తెలియదు. ఆ తర్వాత ఇంట్లో ఉన్న ఇద్దరు కొడుకుల పేర్లు చెప్పింది.

"పోయినవాళ్ళు ముందు పుట్టారు, అందుకే ముందు చెప్పాను. నాకు ఐదుగురు. ఎవరడిగినా ఐదుగురే" అని ఖుర్షిదా చేత చెప్పించింది. తర్వాత ఆదెమ్మ చెయ్యి పట్టుకుంది. "నీకు?"

ఆదెమ్మ సమాధి పక్కనే కూర్చుని, పిల్లలు పోయిన ఇన్నేళ్ళకు తనివితీరా ఏడ్చిందట.

ఎనభై ఎనిమిదిలో తిరిగొచ్చింది. సల్మా ఇచ్చిన తెల్లటి సాంబ్రాణి గుప్పెడు మా చర్చికి ఇచ్చి, మర్నాడే మాతో కల్లంలో కూర్చుంది. పక్కన కూర్చున్న కొత్త కోడలు ఎవరో తెలియక అడిగింది.

"నీకెంతమంది పిల్లలు అత్తా?"

అందరం తలలు దించుకున్నాం. ఆదెమ్మ చెయ్యి మాత్రం ఆగలేదు. ఎర్రకాయ ఇటు, తాలుకాయ అటు.

"ఇద్దరమ్మా. సువార్త, ప్రేమానందం."

పేర్లెత్తమాకని మా అమ్మ కసురుతుందేమోనని చూశాను. అమ్మ ఒళ్ళో కాయలు పక్కన పోసింది.

"నాక్కూడా నలుగురు కాదమ్మా" అంది. "ఐదుగురు. పెద్దోడి పేరు మోషే."

మా నలుగురిలో పెద్దదాన్ని నేనే. నాకొక అన్న ఉండేవాడని ఆ రోజే తెలిసింది.