ఏడో వెర్షన్ మీద పేరు

మా తమ్ముడు జోయెల్ కరెంటు తీగలు అమ్మి బతికాడు. గోడ ప్లగ్గు నుంచి ఆంప్లిఫయర్‌కు పోయే బారెడు తీగ. ఆంప్లిఫయర్ కొంటే అది ఊరికే వస్తుంది. దాన్ని తీసేసి, లావు రాగి తీగలు జడలా అల్లి వాడు చేసినది పెడితే పాట తేటపడుతుందని ఖరీదైన సెట్లున్నవాళ్లు నమ్మేవాళ్లు. మొదటి వెర్షన్ ఆరు వేలు. ఆరోది ఇరవై ఎనిమిది వేలు. నాకెప్పుడూ తేడా వినపడలేదు. ఆ మాట అంటే కుళ్లనుకుంటారని ఎవరితోనూ అనలేదు. కుళ్లే.

బూర్గంపాడులో మైకుసెట్టు షాపు నాది. వాడికి సోల్డరింగ్ నేర్పింది నేను.

కొత్త వెర్షన్ ఏడాదికి ఒక్కటే, అదీ ఈస్టర్‌కే. ఈస్టర్‌కు ముందు ఉపవాసాల శ్రమకాలం నలభై రోజులూ దాన్ని మా చర్చి ఆంప్లిఫయర్‌కు తగిలించి, వెనక బెంచీలో కూర్చుని ఆడవాళ్ల పాటలు వినేవాడు. నచ్చకపోతే ఆ ఏడు కొత్తది లేదు. నచ్చితే ఈస్టర్ సాయంత్రం ధర చెప్పేవాడు. క్రిస్మస్ తర్వాత పాతది కొన్నవాళ్లకు పైసా అడగకుండా కొత్తది మార్చి ఇచ్చేవాడు.

"గిట్లయితే దుకాణం నడవదురా" అన్నాను ఒకసారి.

"మూడు నెల్లకే పాతదైతే వాళ్ల కడుపు మండదా అన్నా?"

నిరుడు నేనూ ఒకటి చేశాను. అదే ఏడో వెర్షన్ కావాలి, దాని మీద నా పేరుండాలి. నాకు కావలసింది అంతే.

"ఈసారి చర్చిలో నాది ఉన్నది. వచ్చే ఏడు నీది నలభై రోజులు ఉండనియ్యి. చూద్దాం" అన్నాడు జోయెల్.

"నన్ను చూసేటోడివైనవా నువ్వు?"

ఆగలేకపోయాను. ఆ శ్రమకాలం సగంలోనే సత్తుపల్లి పామాయిల్ రైతు ఉదయ్ భాస్కర్ గారికి ముప్పై అయిదు వేలకు అమ్మాను. నా పేరు చెబితే కొనరని, జోయెల్ చేశాడన్నాను. ఆ వారమే ఆయన జోయెల్‌కు ఫోన్ చేశారు. స్పీకర్‌లో నేనూ విన్నాను.

"ఏడోది అదరగొట్టావయ్యా! నీ చెయ్యి పడితే తెలిసిపోద్ది."

జోయెల్ నా వైపు చూశాడు.

"అవ్ సార్, ఏడోది అదే. చేసింది మాత్రం మా అన్న."

మూడో రోజుకు తీగ తిరిగొచ్చింది. శబ్దం పలచగా ఉందట. తమ్ముడు ఆయన డబ్బు వాపసు పంపి, చర్చిలో తనది తీసి నాది తగిలించాడు. తిట్టినా బాగుండేది. తనది చుట్టచుట్టి మా షాపు అటక మీద పెట్టాడు. ఆ ఏడు కొత్త వెర్షన్ రాలేదు.

వానలు మొదలైన వారంలో, షాపులో పని చేస్తూనే గుండె ఆగి పోయాడు. ముప్పై తొమ్మిదేళ్లు. హైదరాబాదు నుంచి కూడా కార్లొచ్చాయి. శవపెట్టె పక్కన నిలబడి ఏడుస్తూనే, నేను పోతే ఎన్నొస్తాయని లెక్క వేసుకున్నాను.

ఈ ఈస్టర్‌కు ఉదయ్ భాస్కర్ గారు ఫోన్ చేశారు.

"జోయెల్ చేసినవి ఏమన్నా మిగిలినయ్యా?"

"లేవు సార్. నేను చేసిందొకటున్నది."

అటక మీది తమ్ముడి తీగ దించి, నా పేరు చీటీ అంటించి పంపాను. వారంలో తిరిగొచ్చింది.

"ఏమనుకోకు క్రీస్తుదాసూ. ఎంతైనా వాడి చెయ్యి వేరయ్యా."

ఫోన్ పెట్టేసి పగలబడి నవ్వాను. గెలిచాను. చెబితే నాకన్నా ఎక్కువ నవ్వేవాడు జోయెలే. ఉదయ్ భాస్కర్ గారికి నిజం చెప్పబుద్ధి కాలేదు.

ఆదివారం ఆ తీగ చర్చికి తీసుకుపోయాను. నా పేరు చీటీ గోటితో గీకితే సగమే ఊడింది. అలాగే తగిలించాను. తమ్ముడి భార్య తబిత చాపలు పరుస్తూ చూసింది.

"ఎవరు చేసిండ్రు బావగారూ గిది?"

"జోయెల్" అన్నాను.