దారం విప్పని వాగ్దానం

పన్నెండేళ్ళపాటు నా బీరువాలో, సర్టిఫికెట్ల ఫైలులో, ఒక చిన్న కాగితం చుట్ట ఉండేది. వేలెడంత ఉంటుంది. ఎర్రదారం కట్టి ఉంది. అది ఉండటం వల్ల ఆ ఫైలు ఎప్పుడూ సరిగా మూసుకునేది కాదు, మధ్యలో ఉబ్బుగా ఉండేది. నాలుగు ఇళ్ళు మారాను. ప్రతిసారీ గిన్నెలూ బట్టలూ సర్దకముందే దాన్ని చూసుకున్నాను. అది నాది కాదు. ఒక మనిషి వేళ్ళకు తగిలినదాన్ని అతనికి అందకుండా చేసి నేను దాచాను. ఇన్నేళ్ళూ నా భార్యకు కూడా చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీ మొహం నాకు కనబడదు కాబట్టి, మీ మొహం చూసి మాట మార్చే అవకాశం నాకు లేదు.

మీరు క్రైస్తవులు కాకపోతే ఒక సంగతి ముందే చెప్పాలి. మా తెలుగు సంఘాల్లో కొత్త సంవత్సరం మొదటి ఆరాధనలో వాగ్దానం తీసుకుంటారు. బైబిలులోంచి ఒక్కొక్క మాట అచ్చువేసిన కార్డులను చుట్టలు చుట్టి పళ్ళెంలో పెడతారు. కళ్ళు మూసుకుని ప్రార్థించుకుని ఒకటి తీసుకోవాలి. ఏది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. కొందరు దాన్ని ఫ్రేము కట్టించుకుంటారు. స్కూటరు కొనాలా వద్దా అన్నది కూడా దాన్నిబట్టి తేల్చుకునేవాళ్ళు ఉన్నారు. నవ్వండి, ఫరవాలేదు, ఒకప్పుడు నేనూ నవ్వినవాణ్ణే. బెంగళూరు శివారు కాడుగోడిలో మా సంఘంలో ఆ పళ్ళెం పట్టుకునే పని నాదిగా ఉండేది.

ప్రసన్న, నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో ఒకే బెంచీ. వాళ్ళు మూడు తరాలుగా కాడుగోడివాళ్ళు. నేను ఒంగోలు నుంచి పెట్టె పట్టుకుని వచ్చినవాణ్ణి. నన్ను ఆ సంఘానికి తీసుకెళ్ళింది అతనే, ఆదివారాలు వాళ్ళింట్లో అన్నం పెట్టించిందీ అతనే. చదువు అయ్యాక ఇద్దరం పుణెలో ఒక పరిశోధన సంస్థకు ప్రవేశ పరీక్ష రాశాం. అతనికి సీటు వచ్చింది. నాకు రాలేదు. నేను కుందలహళ్ళిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరాను. ఇతరులు చేసిన తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. దేవుడికి కొంచెం కొంటెతనం ఉందనుకుంటాను.

ప్రసన్న చదవాలనుకున్నది మన విశ్వం ఒక్కటేనా, ఇలాంటివి ఇంకా ఉండవచ్చా అన్న విషయం. ఆ మాట సంఘంలో పొక్కింది. ఆ చదువు చదివితే విశ్వాసం పోతుందని పెద్దలు భయపెట్టారు. వాళ్ళ అమ్మ భోజనం మానేసింది. అతనికి ఎవరినీ ఎదిరించే స్వభావం లేదు, చదువునీ వదులుకోలేడు. అలా నలిగిపోతున్నాడు.

ఆ డిసెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం నా గదిలో కూర్చుని ఇద్దరం వాగ్దానాలు చుట్టాం. చిక్కపేటలో పెళ్ళికార్డుల దుకాణం నుంచి పలచటి అట్టా, ఎర్రదారం రీలూ తెచ్చుకున్నాం. నేను చుడితే అతను ముడి వేసేవాడు. ఆ రోజు మాట్లాడుకున్న వాటిలో ఒక్క మాటా నేను మరిచిపోలేదు.

"అన్ని లోకాలుంటే అన్నిట్లోనూ ఆదాము పండు తిన్నాడా? అన్నిట్లోనూ క్రీస్తు సిలువ ఎక్కాడా?" అని అడిగాను. అతన్ని ఇరుకున పెట్టాలనే అడిగాను.

"నాకేం తెలుసప్పా. ఇంకో లోకం ఉండాదని ఎవరూ చూపించలా. లేదని తేల్చిందీ లేదు. ఉంటే మాత్రం దాన్ని చేసినోడూ ఆయనే గదా. మన కాడుగోడి గేటు కాడికే ఆయన పని అయిపోతాదా?"

"సరే. ఒక లోకంలో నేను దొంగతనం చేశాను. ఇంకో లోకంలో చెయ్యలేదు. అప్పుడు తీర్పు ఎవరికి? పాపం అన్న మాటకి అర్థమేముంది?"

అతను ముడి మధ్యలో ఆగాడు. "ఇది మంచి ప్రశ్న. దీనికి నా కాడ జవాబు లేదు. ఇట్లాంటివాటి కోసమే చదవాలని ఉండాది." ముడి బిగించి అన్నాడు, "ఈసారి ఏ వాగ్దానం వస్తే అదే. పొమ్మంటే పోతా. ఉండమంటే ఉంటా. పళ్ళెం పట్టేది నువ్వే గదా, చెయ్యి వణక్కుండా చూసుకో." అని నవ్వాడు.

అతను వెళ్ళాక ఆ చుట్టల అంచుల్లోంచి లోపలి మాటలు తొంగి చూసి ఒకటి ఏరాను. ఉన్నచోటే ఉండు, ఇక్కడే నీకు తోడుగా ఉంటాను అన్న అర్థం వచ్చే మాట.

ఆరాధన పొద్దున ఏడింటికి. వరుసలో అందరూ ఒక్కొక్కరే వస్తున్నారు. ఏరిన చుట్ట నా బొటనవేలి కింద, పళ్ళెం అంచున ఉంది. ప్రసన్న వచ్చాడు. కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. చెయ్యి చాపాడు. వేళ్ళు మధ్యలో ఒక చుట్ట మీద ఆనాయి. నేను పళ్ళేన్ని నాలుగు అంగుళాలు జరిపాను. అతని వేళ్ళు జారి, నా బొటనవేలు వదిలిన చుట్ట మీద పడ్డాయి. అంతే. రెండు క్షణాలు పట్టిందేమో. మొదట అతని వేళ్ళు తగిలిన చుట్టను నేను జేబులో వేసుకున్నాను.

అతను పుణెకి రాలేనని ఉత్తరం రాశాడు. కాడుగోడిలోనే ఒక బడిలో చేరి ఇవాళ్టికీ తొమ్మిదో తరగతికి ఫిజిక్స్ చెబుతున్నాడు. ఆ కార్డు వాళ్ళ ముందుగదిలో గడియారం కింద ఫ్రేములో ఉంది. వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా దానికి వీపు పెట్టి కూర్చునేవాణ్ణి.

ఎందుకు చేశాను? స్నేహితుడి విశ్వాసాన్ని కాపాడటానికి అని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. వినడానికి బాగుంటుంది. తర్వాత కొంచెం ధైర్యం వచ్చి, అతను వెళ్ళిపోతే ఈ ఊళ్ళో నాకెవరూ లేరని చేశాను అని ఒప్పుకున్నాను. అదీ కొంత నిజమే. కానీ దాని కింద ఇంకొకటి ఉంది, దాన్ని ముట్టుకోవడానికే ఇన్నేళ్ళు పట్టింది. నాకు రానిది అతనికి రావడం నేను ఓర్చుకోలేకపోయాను. కుళ్ళు. దానికి ఇంకో పేరు లేదు.

ఆ చుట్టను ఎందుకు విప్పలేదంటారా? అందులో కూడా ఉండమనే ఉంటే నా తప్పు మాఫీ అయిపోయిందని సంబరపడతానని భయం. వెళ్ళమని ఉంటే ఎలా బతకాలో తెలియదని భయం. మూసి ఉన్నంతకాలం రెండూ ఉన్నట్టే. ఇంకా సిగ్గుచేటు సంగతి చెబుతాను. అతన్ని ఇరుకున పెట్టడానికి నేను వేసిన ప్రశ్నే నాకు దాక్కునే చోటు అయింది. అన్ని లోకాలూ నిజమైతే, ఏదో ఒక లోకంలో నేను పళ్ళెం కదపలేదు, ప్రసన్న పుణెలో ఉన్నాడు, అక్కడ నేను మంచివాణ్ణే. ఆఫీసు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మంచివాణ్ణి ఎన్నిసార్లు తలచుకుని ఊరట పొందానో. ఆ లోకాలు విశ్వాసానికి ప్రమాదమని వాదించినవాణ్ణే, వాటిని నా సౌకర్యానికి నమ్మాను.

ఈ అక్టోబరులో ప్రసన్న మా ఇంటికి వచ్చాడు. ఉద్యోగం వదలకుండా ఇక్కడే పరిశోధన చేసే వీలు ఒకటి ఉందట. ముప్పై ఆరేళ్ళ వయసులో నవ్వుతారేమో అన్నాడు. ఆనక పాత మాటే అన్నాడు. కొత్త సంవత్సరం వాగ్దానం చూసి తేల్చుకుంటాడట.

నేనేం చేశానో తెలుసా? మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, చిక్కపేట వెళ్ళి అట్ట కొన్నాను. లేచి వెళ్ళు అన్న అర్థం వచ్చే మాట ఒకటి చూసుకుని కార్డు చేశాను. ఈసారి మేలు చేద్దామని. చుట్టి దారం కడుతుంటే చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ అదే పని చేస్తున్నాను. మళ్ళీ అతని దేవుడి స్థానంలో నేను కూర్చుంటున్నాను. అప్పుడు ఆ పాత ప్రశ్నకు నా మటుకు జవాబు దొరికింది. ఎన్ని లోకాలైనా ఉండనీ, వాటన్నిటికీ దేవుడు ఒక్కడే అయితే నా విశ్వాసానికి వచ్చే నష్టమేమీ లేదు. కానీ ఈ బొటనవేలు ఈ లోకంలోది. పళ్ళెం కదపని ఆ ఇంకొకడు ఎక్కడున్నా, అతని మంచితనం నాకు అప్పు పుట్టదు. పశ్చాత్తాపపడవలసింది నేనే, ఇక్కడే.

క్రిస్మస్‌కు ముందు ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి గోడ పక్కన బల్ల మీద కూర్చోబెట్టి అతనికి చెప్పాను. చుట్టను అతని చేతిలో పెట్టాను. ఎందుకు చేశావని అడిగితే, నీ విశ్వాసం గురించి భయపడి అని మొదలుపెట్టాను. అతను చెయ్యి ఎత్తి ఆపాడు.

"అసలు సంగతి చెప్పప్పా."

చెప్పాను. అతను ముడిని వేలితో తడిమాడు. అది అతను వేసిన ముడే.

"మా గోడ మీద ఉండేది ఎవరి మాట?" అని అడిగాడు.

"మాట దేవుడిదే. నీ చేతికిచ్చింది నేను."

చుట్టను విప్పలేదు. చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఈసారి కార్డు కోసం కాచుకోను, దరఖాస్తు రేపే పంపిస్తానని, నాతో కాదు, ఎదురుగా గోడకు చెప్పినట్టు చెప్పాడు. లేచి వెళ్ళిపోయాడు. క్షమించానని అనలేదు. చెయ్యి కలపలేదు. తొమ్మిది రోజులైంది, ఫోను లేదు.

పళ్ళెం ఇంక నేను పట్టనని పాస్టరుగారికి చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను. ఎల్లుండి కొత్త సంవత్సరం ఆరాధనలో అందరితోపాటు వరుసలో నిలబడతాను. ప్రసన్న వస్తాడో రాడో తెలియదు. రావాలని ఉంది. అతని దరఖాస్తు వెళ్ళిందని వాళ్ళ అమ్మ మా ఆవిడకు చెప్పిందట. ఆ కబురు విని వంటింట్లో నిలబడి ఏడ్చాను. మా ఆవిడ ఏమిటని అడిగింది. ఆమెకూ చెప్పాను.

పొద్దున ఏదో కాగితం కోసం బీరువా తెరిచి, సర్టిఫికెట్ల ఫైలు తీశాను. మళ్ళీ మూస్తే సమంగా మూసుకుంది.