మోయలేని పేరు

తన కాంటీన్‌లో పిల్లలు మాట్లాడుకునేది వినడం కంటే వినార్సికి ఇష్టమైన పని ఇంకొకటి లేదు. తెమంగ్గుంగ్ ఊళ్లోని ఒక మిడిల్ స్కూల్ వెనక గదిలో ఆమె పద్నాలుగేళ్లుగా పులిసిన సోయాగింజల టెంపె ముక్కలతో బజ్జీలు వేస్తోంది. ఏ టీచరు ఎవరి మీద అలిగాడో, ఏ పిల్ల ఎవరికి చీటీ రాసిందో హెడ్మాస్టరు కన్నా ముందు ఆమెకే తెలుస్తుంది. మనిషి మూకుడు ముందు నిలబడినా చెవులు మాత్రం బెంచీల దగ్గరే ఉంటాయి. పిల్లలు ఆమెను అమ్మా అన్నట్టుగా బు విన్ అంటారు. వాళ్ల అమ్మల్ని కూడా అంత చనువుగా పిలుస్తారో లేదో.

ఉపవాసాల నెలకు ఇంకా వారం ఉందనగా, అలా చెవులొగ్గి వింటున్న వినార్సికి, ముప్పయ్యొక్కేళ్లుగా ఎవరి నోటా వినని పేరొకటి వినబడింది.

"ఆ పిల్ల పాతపేరు రాతు కెంచన అని బళ్లో ఎవరు చెప్పుంటారే?" అని ఉల్ఫా అడుగుతోంది.

"అక్కే చెప్పుంటుంది. చూస్తూ ఉండు," అంది దేస్తి, నోట్లో బజ్జీతోనే.

వినార్సి చేతిలోని జల్లిగరిటె జారి నూనెలో పడింది. "ఎవరే ఆ రాతు కెంచన?"

"ఫోన్లో కథ, బు విన్! సీరియల్. మా క్లాసంతా చదువుతున్నాం. పాపం, ఆ పిల్లని ఎంత ఏడిపిస్తారో! చిరిగిన గొడుగు పట్టి బడి చుట్టూ ఊరేగిస్తారు, మహారాణి వారు వేంచేస్తున్నారు అని అరుస్తూ."

"గొడుగు ఆకుపచ్చదా?"

పిల్లలిద్దరూ మొహాలు చూసుకున్నారు. "దొంగా! మీరూ చదువుతున్నారా బు విన్?"

వినార్సి ఏదో అని తప్పించుకుంది. గొడుగు ఆకుపచ్చదే. రెండు ఊచలు విరిగి ఉండేవి కూడా.

ఆ పేరు ఆమె చెల్లెలిది. రాళ్లు కొట్టి బతికే తండ్రి రెండో కూతురు పుట్టిన సంబరంలో, ఎవరేమన్నా వినకుండా, రాతు కెంచన అని పెట్టుకున్నాడు. బంగారు రాణి అని అర్థం. ఆ రాణికి నెలకోసారి జ్వరం వచ్చేది. ఆరేళ్లు వచ్చేసరికి పుల్లలా తయారైంది. పేరు మరీ బరువైంది, పిల్ల మోయలేకపోతోంది అన్నారు పెద్దలు. ఎరుపూ తెలుపూ జావ కాచి, నలుగురికీ పంచి, సార్మి అని చిన్న పేరు పెట్టారు. పాతపేరు ఇక ఎవరూ పలకకూడదు, పలికితే జ్వరం తిరిగొస్తుంది అని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పారు. పిల్ల నిజంగానే కోలుకుంది.

మూడేళ్ల తర్వాత బళ్లో వినార్సి అతుకుల బూట్లు చూసి ఆడపిల్లలు వెంటపడ్డారు. రోజూ అదే వరస. పన్నెండేళ్ల వినార్సికి ఒక రోజు ఓపిక చచ్చిపోయి, "నా బూట్లదేముంది, మా చెల్లి అసలు పేరు వింటే పడీపడీ నవ్వుతారు," అనేసింది. ఆ పూటతో బూట్ల గొడవ తీరిపోయింది. మర్నాటి నుంచి గొడుగు మొదలైంది. వారం తిరక్కుండా చెల్లెలు జ్వరంతో మంచమెక్కింది. తన నోటితో చెల్లెల్ని చంపేశాననుకుని వినార్సి బావి పక్కన కూర్చుని ఏడ్చింది, కానీ ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఆ కథ రాస్తున్నది ఎవరో మారుపేరు మనిషి. మారుపేరైతే మాత్రం ఏం, ఆకుపచ్చ గొడుగు సంగతి తెలిసినవాళ్లు ఎందరుంటారు? సెమరాంగ్ నగరంలో చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే సార్మి కథలు రాస్తుందని అక్కకు ఇన్నాళ్లూ తెలియదు. చెల్లెలికి తన సంగతి తెలుసా? ఆ ఒక్క ప్రశ్న వినార్సిని పట్టుకుని వదల్లేదు. ఉల్ఫా చేత ఫోన్లో ఆ కథల యాప్ పెట్టించుకుంది. ఏదో పేరు ఇవ్వాలంటే వంటింటి పిల్లి అని ఇచ్చింది.

ఉపవాసాల్లో కాంటీన్ మూత. సాయంత్రం ఇంటి ముందు అరటిపండు బజ్జీలు అమ్ముకోవడం తప్ప మిగతా రోజంతా ఖాళీయే. వినార్సి కళ్లద్దాలు పెట్టుకుని మొదటి భాగం నుంచి చదివింది. కథలో అక్క బంగారంలాంటి మనిషి. ఏడిపించే పిల్లల మీదికి చీపురు పట్టుకుని వెళుతుంది. "నేనెప్పుడు వెళ్లానే చీపురు పట్టుకుని!" అని వినార్సి ఫోన్‌ను తిట్టింది. నిజంగా అయితే గొడుగు ఎదురొచ్చినప్పుడు ఆమె నీళ్లకుండీ వెనక్కి తప్పుకునేది. ఇప్పుడు మాత్రం చదివిన ప్రతి భాగం కిందా ఏదో ఒకటి రాసేది. చాలా బాగుంది, వేళకి తింటున్నావా అమ్మాయీ, రాసేవాళ్లకి ఒంట్లో బలం ఉండాలి, రోజూ ఒక గుడ్డు తిను.

పాతపేరు ఎవరు చెప్పారన్నది మాత్రం కథలో తేలడం లేదు. సాయంత్రాలు బజ్జీలకొచ్చిన ఆడపిల్లలు వీధిలోనే కొట్టుకునేవాళ్లు. అక్కే అని దేస్తి, అలాంటి అక్క ఎందుకు చెబుతుందని ఉల్ఫా.

"మీరేమంటారు బు విన్?"

"నన్నడుగుతారేంటే! ముందు ఆ బజ్జీలు చల్లారకుండా పట్టుకెళ్లండి," అని కసిరేది.

ఉపవాసాలు ముగిసే లెబరాన్ పండగకు రెండు రోజుల ముందు ఆ భాగం వచ్చింది. పేరు చెప్పింది పక్కింటి కార్తో ముసలమ్మ. అక్క కాదు.

"ఛీ! చెత్త!" అంది దేస్తి.

వినార్సికి ముందు గుండెల మీది బండ దిగినట్టయింది. చెల్లెలికి తెలియదన్నమాట. ఆ సంతోషం పొయ్యి ఆర్పేదాకా కూడా నిలవలేదు. కార్తో ముసలమ్మ చనిపోయి ఇరవయ్యేళ్లు. జ్వరం వచ్చిన ఆ వారమంతా సార్మి పాదాలకు ఉల్లిపాయ నూరి నూనెతో రాసింది ఆవిడే. అలాంటి మనిషిని ఇప్పుడు ఊళ్లో పిల్లలంతా తిట్టుకుంటున్నారు. వినార్సికి సిగ్గు ముంచుకొచ్చింది.

పండగ పొద్దున్నే సార్మి బస్సు దిగి వచ్చింది. అమ్మానాన్నా లేరు కాబట్టి పెద్దది వినార్సే. కుర్చీలో ఆమె కూర్చోవాలి. చిన్నది మోకాళ్ల మీద వచ్చి, అక్క ఒళ్లో తల ఆనించి క్షమాపణ అడగాలి. ఏటా జరిగేదే. తప్పు చేసింది కుర్చీలో కూర్చోవడం, బాధ పడింది కింద కూర్చోవడం కూడా ఏటా జరిగేదే.

"అక్కా, తెలిసీ తెలియకా నేను చేసిన తప్పులన్నీ..."

"ఆగు!" వినార్సి కాళ్లు వెనక్కి లాక్కుంది. "నువ్వేం అడక్కు. ఆ పేరు బళ్లో చెప్పింది నేనే. కార్తో ముసలమ్మ కాదు, నేనే సార్మీ. నా బూట్ల గొడవ వదిలించుకోవడానికి నిన్ను పట్టించాను."

సార్మి తల ఎత్తలేదు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుంటే, నవ్వుతోంది.

"తెలుసులేవే."

"ఎప్పట్నుంచి?"

"జ్వరం తగ్గిన రోజు నుంచి. అమ్మ దారంతో గుడ్డు రెండు ముక్కలు కోసేది గుర్తుందా? అప్పటిదాకా నీ ముక్క వైపు చూస్తేనే గిల్లేదానివి. ఆ రోజు తెచ్చి నా పళ్లెంలో పెట్టావు. ఏడాది పొడుగూ పెట్టావు. ఊరికే ఎవరైనా గుడ్డు పెడతారా?"

"మరి తెలిసీ ఆ ముసలమ్మ మీదికి తోశావేం? పాపం, ఆవిడేం చేసింది నిన్ను?"

"నిన్నే రాద్దామనుకున్నా. ఈలోగా ఎవరో వంటింటి పిల్లి వచ్చి రోజూ గుడ్డు తిను, గుడ్డు తిను అని నా ప్రాణం తీసింది. ఆ పిల్లిని నలుగురి ముందూ ఎట్లా పట్టివ్వను?" సార్మి కళ్లు తుడుచుకుంది. "ముసలమ్మది తప్పే. దిద్దుతాను."

"నా పేరే రాసెయ్. దేస్తి ఎగిరి గంతేస్తుంది."

"రాస్తా. కానీ ఆఖరి భాగం రావడం లేదక్కా. ఆ పేరు గొడుగు కింద విన్నదే చెవుల్లో ఉంది. నాన్న ఎట్లా పిలిచేవాడో గుర్తే లేదు. నువ్వొకసారి పిలువు."

వినార్సి నలభైమూడేళ్ల మనిషి, పన్నెండేళ్ల పిల్లలా బెదిరిపోయింది. "జ్వరమొస్తే?"

"గుడ్డు పెడుదువుగానీలే."

వినార్సి కుర్చీ దిగి నేల మీద చెల్లెలి ఎదురుగా కూర్చుంది. తర్వాత నాన్న సాయంత్రం గుమ్మం దగ్గర సమ్మెట దించి కేకేసినట్టే, చివర్న కాస్త సాగదీస్తూ పిలిచింది.

"రాతు కెంచనా..."

"ఊఁ, ఇక్కడే ఉన్నా," అని పలికింది చెల్లెలు.