అన్ని జబ్బులకూ ఒకే గది

మా మేనత్త పోయిన నెల స్మృతి నగర్‌లో, ఇంట్లోనే కన్నుమూసింది. గుండెపోటు. ఊరవతలి మరోదా బస్తీల నుంచి వచ్చిన జనంతో మా వీధి నిండిపోతే, ఇంతమందికి ఆవిడ ఏమవుతుందని ఇరుగుపొరుగు అడిగారు. వాళ్లకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

అత్త మరోదాలో ఒక కుష్ఠు దవాఖానాలో నర్సు. అది విదేశీ దాతల సాయంతో నడిచేది. పేరు అడగడానికి ముందే అత్త రోగి భుజం మీద చెయ్యి వేసేది. "ముట్టుకున్నాకే ఆళ్లకి మాటొస్తాది" అనేది.

తొంభైల మొదట్లో దగ్గర్లోని ఉతై అనే ఊరి నుంచి కుష్ఠు మందులకు వచ్చే ఒకామెకు దగ్గు పట్టుకుంది. రక్తం కూడా పడింది. క్షయ అని అత్త అనుమానం. కానీ దాతల సాయం కుష్ఠుకు మాత్రమే. కఫం పరీక్ష అక్కడ లేదు. వేరే ఆస్పత్రికి పంపితే, ఆమె వేళ్లు చూసి వరుసలోంచి వెళ్లగొట్టారు. మర్నాడు అత్త తనే వెంట వెళ్లి, ఆమె చెయ్యి పట్టుకుని వరుసలో నిలబడింది. మందులొచ్చాయి. తర్వాత కూడా ప్రతిసారీ తోడు వెళ్లింది.

ఆ రోజుల్లోనే దాతల తరఫున ఒక విదేశీయుడు దవాఖానా చూడటానికొచ్చాడు. అత్తను స్కూటర్ మీద దింపడానికి వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. అత్త ఉతై ఆమెను తెచ్చి ఆయన ఎదుట కూర్చోబెట్టింది.

"సిస్టర్, రహనే దీజియే" అని, ఇక వదిలెయ్యమంటూ దవాఖానా డాక్టరు గొణిగాడు. ఉన్న సాయమూ ఆగిపోతుందని ఆయన భయం.

అత్త నా వైపు తిరిగింది. "ఆయనకి నువ్వు చెప్పరా. చేతికి మందు ఇక్కడిస్తన్నాం, ఊపిరికి ఇంకోచోటికి పొమ్మంటన్నాం. మనిషి ఒక్కర్తే కదేటి?"

నేను పనిచేసే ఉక్కు ప్లాంటులో నేర్చిన ఇంగ్లీషులో చెప్పాను. "మా నిబంధనలు ఒప్పుకోవు. పైవాళ్లకు రాస్తాను, మాటివ్వలేను" అన్నాడాయన.

"ఉద్యోగం పోతే ఏటి చేస్తావత్తా?" అన్నాను ఇంటికొచ్చాక.

"ముందు అన్నం తిందాం. ఆకలేస్తంది."

మరుసటి ఏడు అనుమతి వచ్చింది, మైక్రోస్కోపూ వచ్చింది. కుష్ఠు చూసే గదిలోనే కఫం, మలేరియా పరీక్షలు మొదలయ్యాయి. ఉతై ఆమె వేళ్లు బాగుపడలేదు గానీ క్షయ నయమైంది.

కర్మ అయ్యాక ఒకరోజు దవాఖానాకు వెళ్లాను. వరండా బెంచీ నిండా జనం. జ్వరంతో వణుకుతున్న బిడ్డను ఎత్తుకుని ఒక తల్లి వచ్చింది. పాదాలకు కట్లు కట్టుకున్న ముసలాయన కాస్త జరిగాడు. ఆమె ఆయనను ఆనుకునే కూర్చుంది.