ఎదుటివాడి కాగితం

పుస్తకం తెరవగానే ఎండిన వేపాకు వాసన వచ్చింది. పురుగు పట్టకుండా పేజీల మధ్య రెమ్మలు పెట్టడం మా సీనియరు ప్లీడరు సామ్యేలు గారి అలవాటు. అరవైల చివర శ్రీకాకుళంలో ఆయన దగ్గర జూనియర్‌గా చేరాను. మిషను ఆసుపత్రి దొరసాని ఊరు విడిచి వెళ్తూ ఆయనకిచ్చిన పుస్తకమిది. వందేళ్ల కిందటి ఓ అమెరికా ప్లీడరు జీవితం. యుద్ధానికి వెళ్లాడట, శాసనసభలో కూర్చున్నాడట, చివరికి పరాయి దేశంలో రాయబారి అయ్యాడట. ఒక్క మనిషి ఇన్ని అవతారాలు ఎలా ఎత్తాడా అని నాకు ఒకటే ఆరా. పుస్తకం అడిగితే ఇచ్చేవారు కాదు. కోర్టు నుంచి నడిచి వస్తూ కొంచెం కొంచెం చెప్పేవారు.

నా మొదటి కేసు కోటబొమ్మాళి రైతు సింహాచలానిది. తన పొలం మీదుగా బావమరిది నీళ్లు పారించుకోకుండా ఆర్డరు తేవాలి. రాత్రంతా కూర్చుని దావా రాసి, గొప్పగా తెచ్చి చూపించాను. సామ్యేలు గారు దాన్ని ముట్టుకోలేదు.

“ముందు ఎదుటోడి కాగితం రాయి, ఆ బావమరిది తరపు జవాబు. నీకన్నా మంచి ప్లీడరు ఆడికి దొరికినాడనుకొని రాయి. ఆ అమెరికావోడు రాయబారిగా ఉన్నన్నాళ్లూ ఇదే పని సేసినాడు,” అన్నారు.

అమెరికా మాట కదా, మారు మాట్లాడకుండా రాశాను. రాస్తుంటే నా కేసు నా చేతిలోనే విరిగిపోయింది. బావమరిది పొలానికి వేరే కాలువ లేదు. మా వాడు గట్టు వేస్తే అవతల నారు ఎండిపోతుంది. ఆ మాట చెప్పగానే సింహాచలం తువ్వాలు దులిపి లేచాడు.

“ఏటి ప్లీడరుబాబూ, నువ్వు నా తరపా, ఆడి తరపా?”

మొదటి కక్షిదారు గడప దాటిపోతున్నాడు. సామ్యేలు గారే అతణ్ణి కూర్చోబెట్టి, నీళ్లు ముందు నీకు, తరవాత అతనికి అంటే చాలదా అని అడిగారు. సింహాచలం తువ్వాలు మళ్లీ భుజాన వేసుకున్నాడు.

“ముందు నాకే అని గట్టిగా రాయండి,” అన్నాడు.

సామ్యేలు గారు పోయాక ఆయన కూతురు ఈ పుస్తకం నాకిచ్చింది. ఆ రాయబారి సంగతి కోసం రెండుసార్లు చదివాను. యుద్ధం ఉంది, శాసనసభ ఉంది. ఎదుటివాడి కాగితం మాట మాత్రం ఎక్కడా లేదు. అది సామ్యేలు గారి సొంత పద్ధతి. శ్రీకాకుళం ప్లీడరు చెబితే ఈ కుర్రాడు వినడనుకున్నారు. నిజంగానే వినేవాణ్ణి కాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఈనాటికీ ఎదుటివాడి కాగితమే ముందు రాస్తాను. ఎవరు నేర్పారని నా జూనియర్లు అడిగితే అమెరికా ఊసెత్తను. సామ్యేలు గారని చెబుతాను.