అరంగుళం జరీ

కోయంబత్తూరు పీళమేట్లో తన చేతి పని లేని నీళ్ల పంపు ఉండదని వెంకటపతి తనంతట తాను అనడు. ఎవరైనా అంటే మాత్రం కాదనడు. ఫౌండ్రీలో ఇనుము పోసే ముందు ఇసుకలో అచ్చు తీయడానికి కొయ్య నమూనా కావాలి. ఉద్యోగమంతా ఆయన చేసినవి అవే. రిటైరయ్యాక చేతులు ఊరుకోలేదు. ఎప్పుడో ఆఫీసు క్యాలెండరులో చూసిన పాతకాలం విమానం మనసులో తిష్ఠ వేసింది. కింద పడవ, పైన గుడ్డ తొడిగిన పొడుగాటి రెక్క, దిగేది నీళ్లమీద. సముద్రం లేని కోయంబత్తూరులో పుట్టినవాడికి ఈ పిచ్చి ఎలా పట్టిందో దేవుడికే తెలియాలి. కూతురు నివేదిత దాని కొయ్యబొమ్మ చేసుకునే డ్రాయింగు ఎక్కడో సంపాదించి చేతిలో పెట్టింది. ఇక భోజనానికి పిలిచినా పలికే మనిషి కాడు.

పడవ తయారైంది, రెక్క చట్రం సగానికొచ్చింది. తొడగడానికి తేలికైన పట్టు బజారులో దొరకలేదు. అప్పుడు భార్య కృష్ణమ్మాళ్ తన ముహూర్తంనాటి మెంతిరంగు చీర బయటికి తీసింది. మడతల దగ్గర చీలికలైపోయిన ఆ చీరలో గట్టిగా ఉన్నది ఒక్క ముక్కే. డ్రాయింగు మీద తన కుట్టుటేపు పెట్టి కొలిచి, దిండు గలీబుల్లాగా రెండు తొడుగులు కుట్టింది. చట్రం పూర్తయ్యాక రెక్కకు అటూ ఇటూ తొడిగితే అవి నడుమ కలవాలి.

కలవలేదు. నడుమ అరంగుళం కొయ్య కనబడుతోంది.

"నీ టేపు సాగిపోయిండాది, కృష్ణా."

"టేపు సాగితే గుడ్డ పెద్దది అవును గానీ చిన్నది ఏల అవును? ఏదీ, మీ అళవుకోల ఇట్ల ఇయ్యండి."

ఆమె ఆయన స్కేలు లాక్కుని టేపు పక్కన పెట్టింది. అంగుళం అంగుళానికీ స్కేలు కాస్త ముందుకు జరుగుతూ పోయింది. పోసిన ఇనుము చల్లారితే కుదించుకుపోతుంది. అందుకే నమూనా కొంచెం పెద్దగా చెయ్యాలి, దానికి అంగుళం కాస్త పెద్దగా ఉండే వేరే స్కేలే ఉంటుంది. డ్రాయరులో మామూలు స్కేలు ఉన్నా, వెంకటపతి చెయ్యి అలవాటుగా ఆ ఫౌండ్రీ స్కేలునే పట్టింది. పడవా, రెక్కా అన్నీ ఆ కొలతే. పెళ్లినాటి చీరలో మిగిలిన మంచి ముక్కను కాస్తా తన పరధ్యానానికి బలి పెట్టాడు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

కృష్ణమ్మాళ్ మాత్రం పూజగది వైపు చూసి నవ్వు మొదలుపెట్టింది.

"ఈ కోలతోనే మీరు చేసిన ఆ అలమారి గోడలో పట్టలేదని మేస్త్రీ సత్యరాజ్‌ను ఆ పొద్దు ఎంత తిడితిరి. పావం, ఆయన గోడ సరిగానే కట్టిండాడు."

ఆయన తల వంచుకున్నాడు. ఆమె చీర అంచు నుంచి జరీ పట్టీ కత్తిరించి నడుమ వేసి కుట్టింది. అసలు వెండి జరీ, బరువెక్కువ. పైన బరువు పెరిగితే పడవ పక్కకు ఒరిగిపోతుందని ఆయనకు కొత్త గుబులు పట్టుకుంది. నీళ్లలో బోల్తా కొడితే ఆ పట్టు ఇక దేనికీ పనికిరాదు.

ఆదివారం పొద్దున కృష్ణమ్మాళ్ తమ్ముడు శరత్‌కుమార్ తోటకు వెళ్లారు. మోటారు ఆపించి, తొట్టిలో నీళ్లు కదలకుండా అయ్యేదాకా ఆగారు. వెంకటపతి రెండు చేతులతో విమానాన్ని నీళ్లమీద ఉంచాడు గానీ, చేతులు తియ్యలేకపోయాడు.

"విడవండి," అంది కృష్ణమ్మాళ్.

విడిచాడు. విమానం ఒకసారి అటు ఊగి, ఇటు ఊగి, తిన్నగా నిలబడింది. రెక్క నడుమ జరీ ఎండకు మెరిసింది. వెంకటపతి తొట్టి గోడమీద గడ్డం ఆనించి నీటి గీతను చూశాడు. డ్రాయింగు ప్రకారం చేసి ఉంటే పడవ ఇంకాస్త చిన్నదై, ఇంకాస్త మునిగేది.

"ఆ జరీని మోసేది నా తప్పే," అన్నాడు, పట్టలేని సంతోషంతో.

"మోయనియ్యండి," అంది ఆమె. "ఇంటికి పోయినాంక సత్యరాజ్‌కు ఫోను వెయ్యండి."