లెడ్ ఏప్రన్ ఎవరి పేరు మీద ఉంది

తొంభైలలో ఆత్మకూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేశాను. దాన్ని మూసేసి చాలా కాలమైంది. నా కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

అక్కడ ఎక్స్‌రే గది తలుపు పక్కన ఒక ఆయా స్టూలు వేసుకుని కూర్చునేది. లోపలికి వెళ్ళే ప్రతి ఆడమనిషినీ ఆపి, "నెల తప్పినావా అమ్మా?" అని అడగడం ఆమె పని. కడుపులో బిడ్డకు ఎక్స్‌రే మంచిది కాదని డాక్టరు గారే ఆమెకు నేర్పారు. ఆమెకు మొహమాటం లేదు. కొత్త కోడళ్ళు సిగ్గుపడి తల దించుకుంటే అత్తల్ని అడిగేది. అనుమానం వస్తే డాక్టరు గారి దగ్గరికి వెనక్కి పంపేది. సంగం నుంచి వచ్చిన ఒకామెను అలా పంపితే, బస్సు పోతుందని ఆమె తిట్టిన తిట్లు వార్డు దాకా వినిపించాయి. ఆయా మాత్రం తలుపు వదల్లేదు.

ఆమెకు ఇంకో పని కూడా ఉండేది. చిన్నపిల్లలకు ఎక్స్‌రే తీయాలంటే కదలకుండా పట్టుకోవాలి. బిడ్డ ఏడవగానే తల్లి చెయ్యి వదిలేస్తుంది, ఫిల్ము పాడైపోతుంది. అందుకని తల్లిని బయట నిలబెట్టి ఆయాను లోపలికి పిలిచేవాళ్ళు. ఆమె పిల్ల చేతినో కాలినో బల్లకు అదిమిపట్టి, మిషను కిందికి వంగి నిలబడేది. ఆమెకు అప్పుడు ఐదో నెల.

ఈ సంగతి ఎవరికీ తెలియదనుకోకండి. మా ఇద్దరిదీ ఉదయగిరే, పొద్దున ఒకే బస్సులో వచ్చేవాళ్ళం. ఆమె కిటికీలోంచి వాంతులు చేసుకుంటుంటే కండక్టరు కూడా నిమ్మకాయ తెచ్చుకోమని చెప్పేవాడు. ఎక్స్‌రే తీసే ఆయన ఇంటి నుంచి చింతకాయ పచ్చడి తెచ్చిచ్చాడు. ఆమె పులుపు మీద అందరికీ అంత శ్రద్ధ!

బస్సులో ఒకసారి ఆమెనే అడిగాను, భయం లేదా అని.

"ఎక్స్‌రే తీసేది పిల్లోడికి గదక్కా, నాకెందుకు తగులుతాది?" అనింది.

పట్టుకున్న మనిషికీ తగులుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్తే ఏప్రన్ ఇవ్వాల్సి వస్తుంది.

ఆసుపత్రిలో లెడ్ ఏప్రన్ ఒకటి ఉంది. లోపల సీసం పెట్టి కుట్టిన బరువైన అంగీ, ఎక్స్‌రే నుంచి ఒంటిని కాపాడుతుంది. దాన్ని వేసుకునేది ఎవరు? గోడ వెనక నిలబడి బటన్ నొక్కే ఆయన. ఆయనకు గోడా ఉంది, ఏప్రనూ ఉంది. మిషను కింద, చేతుల్లో ఒక బిడ్డ, కడుపులో ఒక బిడ్డ ఉన్న మనిషికి ఒంటి మీద వాయిలు చీర ఉంది.

ఆయన్ని నిలదీశాను. "నువ్వెట్లాగూ గోడెనకాల ఉంటావు గదన్నా. అది ఆమెకిస్తే ఏంది?"

"అది నా పేరు మీద ఇచ్చుండారు సిస్టర్. చినిగితే నన్నడుగుతారు," అన్నాడు.

ఈ పని చదివి, పరీక్ష రాసి పాసైన మనిషి ఆయన. ఏప్రన్ ఎందుకో అడిగితే గడగడా అప్పజెప్పేవాడు.

ఒళ్ళు మండి డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన బీరువా తెరిచి ఒక ప్లాస్టిక్ బ్యాడ్జీ చూపించారు. ఎంత రేడియేషన్ తగిలిందో తెలుసుకోవడానికి ఆ గదిలో పనిచేసేవాళ్ళు ఛాతీకి పెట్టుకోవాల్సిన బ్యాడ్జీ అది. పోతుందేమోనని, వచ్చిన రోజు నుంచీ బీరువాలోనే దాచారు.

"దీన్ని ప్రతిసారీ టెస్టుకు పంపిస్తానే ఉండాం. ఏమీ లేదనే రిపోర్టు వస్తా ఉండాది. నువ్వెందుకు కంగారు పడతావు?" అన్నారు.

"బీరువాకేం తగల్లేదని వచ్చింది సార్. కడుపుతో ఉండేది బీరువా కాదు గదా," అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. "అంత ఇబ్బందైతే ఆమెను ఇంటికాడే ఉండమను," అన్నారు. సాయంత్రానికల్లా ఆమె పని పోయింది. ఏప్రన్ ఇవ్వడానికి రాని తొందర, మనిషిని తీసేయడానికి వచ్చింది. బస్సులో ఆమె నా పక్కన కూర్చోలేదు. దిగేటప్పుడు మాత్రం, "మా ఆయన చెక్క గరిటెలు చెక్కి తెచ్చేది ఉప్పుకు కూడా చాలదక్కా," అనింది. నాకు చచ్చేంత కోపం వచ్చింది, ఆమె మీద కాదు.

కాన్పయిన కొన్నాళ్ళకు బిడ్డనెత్తుకుని, మళ్ళీ పనిలో పెట్టుకోమని అడగడానికి వచ్చింది. ఆడపిల్ల, ఏ లోపమూ లేదు. డాక్టరు గారు బిడ్డ బుగ్గ పుణికి, అందరి ముందూ నా వైపు చూశారు. "చూసినావా సిస్టర్, బిడ్డ ఎంత బాగుండాదో. ఊరికే అందర్నీ హడలగొట్టినావు," అన్నారు. అందరూ నవ్వారు. పని కావాలి కాబట్టి ఆమె కూడా నవ్వింది. బిడ్డకు ఏదైనా అయ్యుంటే తలరాత అనేవాళ్ళు. ఏమీ కాలేదు కాబట్టి తప్పు నాదయింది.

అంతలో సోమశిల నుంచి చెయ్యి విరిగిన పిల్లవాణ్ణి తెచ్చారు. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఎవరూ పిలవకముందే ఆమె లేచి, "కాస్త పట్టుకోక్కా," అని బిడ్డను నా చేతుల్లో పెట్టింది. కొంగు నడుముకు దోపి లోపలికి వెళ్ళిపోయింది.

"ఆమెకు ఏప్రన్ ఇయ్యండి," అని అరిచాను. తలుపు మూసేశారు. ఇంకోసారి అరిచాను.

"మెల్లిగా అమ్మా," అన్నారు డాక్టరు గారు, "బిడ్డ జడుసుకుంటాది."